నెల సరుకులు: మార్టులోనా, వీధి కొట్టులోనా, ఫోన్లోనా? ఏది మేలు?

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా నలుగురున్న ఇంటికి నెల సరుకులు తెచ్చుకునే దారులు ఇప్పుడు మూడు: ఏసీ మార్టు, వీధిలో కిరాణా కొట్టు, చేతిలో ఫోను. ఒక్కో వస్తువు రేటు పక్కపక్కన పెట్టి చూస్తే సబ్బులు, టీపొడి, నూనె పాకెట్లు చాలాసార్లు మార్టులోనే చవక. నెలాఖరున మొత్తం ఖర్చు కూడితే మాత్రం చీటీ రాసిచ్చి కొట్టులో కట్టించుకున్న ఇంటికే డబ్బు మిగిలే వీలు ఎక్కువ. కొట్టాయన చీటీలో ఉన్నదే కట్టిస్తాడు. మార్టులో చీటీలో లేనివి కూడా బుట్టలోకి వచ్చి చేరతాయి. అందుకే ఏ సరుకు ఎక్కడ కొనాలో ఇంట్లోనే విడగొట్టుకుని బయల్దేరడం మేలని మా గట్టి అభిప్రాయం.

ముందు బియ్యం సంగతి చూద్దాం, బిల్లులో పెద్ద ముక్క అదే కాబట్టి. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి అమ్మే 25 కేజీలు, అంతకు తక్కువ బస్తాల మీద 5 శాతం జీఎస్టీ ఉంది. 25 దాటితే లేదు. మిల్లుల నుంచి 26 కేజీల బస్తాలు రావడం అందుకే మొదలైంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. మార్టు బోర్డు మీద బస్తా రూ.1,399 అని ఉందనుకోండి, కొట్టులో రూ.1,430 అన్నారనుకోండి. మార్టులో రూ.31 తక్కువ అనిపిస్తుంది. మార్టు బస్తా 25 కేజీలు, కొట్టు బస్తా 26 అయితే కేజీ రూ.55.96, రూ.55 పడతాయి. అంటే కొట్టే చవక. బస్తా రేటు అడిగితే సరిపోదు, బరువూ అడగాలి. పాత బియ్యమా, కొత్తవా అన్నదీ అడగాలి. కొత్తవి ముద్దవుతాయి, పాతవి ఒదుగుతాయి, రేటు తేడా అక్కడి నుంచే వస్తుంది. కొట్టులో గుప్పెడు చేతిలో పోసుకుని చూడొచ్చు, నచ్చకపోతే బస్తా మార్చుకోవచ్చు. మార్టులో కుట్టేసిన బస్తా విప్పి చూపరు.

నూనె దగ్గర ఇంకో మెలిక ఉంది. లీటరు నూనె ఉజ్జాయింపుగా 910 గ్రాములు తూగుతుంది. అరలో పక్కపక్కన చూడ్డానికి ఒకేలా ఉండే పాకెట్లలో ఒకటి 910 గ్రాములు, ఇంకొకటి 750 గ్రాములు ఉంటుంది. మొదటిది రూ.150, రెండోది రూ.129 అనుకుంటే చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. లెక్క వేస్తే మొదటిది 100 గ్రాములు రూ.16.48, రెండోది రూ.17.20. పాకెట్ వెనక ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంతో చిన్న అక్షరాల్లో వేసి ఉంటుంది. కేజీ లోపు పొట్లానికి గ్రాము లెక్క, పైబడితే కేజీ లెక్క. అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, ఆఫర్ రేటు మీద కాదు. ఆఫర్ ఉన్నప్పుడు ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మీరే భాగించుకోవాలి. పెద్ద పాకెట్ అయితే చవకే అన్న నమ్మకం కూడా వదులుకోండి. షాంపూలో రూపాయి, రెండు రూపాయల సాచెట్ చాలాసార్లు సీసా కంటే మిల్లీలీటరుకు తక్కువ పడుతుంది.

మార్టులో అన్నిటికంటే ఎక్కువ డబ్బు లాగేది "రూ.1,499 కొంటే కేజీ పంచదార రూ.9కే" లాంటి బోర్డు. మీ చీటీ మొత్తం రూ.1,180 అనుకోండి. పంచదార కోసం ఇంకో రూ.319 పెట్టి బిస్కెట్లు, జ్యూసు, ప్లాస్టిక్ డబ్బా వేసుకుంటారు. పంచదార బయట రూ.46 అనుకుంటే మీకు కలిసొచ్చింది రూ.37. పైగా చాలాచోట్ల బియ్యం, నూనె ఆ లెక్కలోకి రావని బోర్డు అడుగున రాసి ఉంటుంది. బిల్లు కౌంటరు దగ్గర ఆ సంగతి తెలిశాక వెనక్కి వెళ్లి ఇంకేదో తెచ్చుకోవడమే గానీ, సామాను తిరిగి పెట్టేసేవాళ్లు తక్కువ. ఆ ఆఫర్ కావాలంటే దారి ఒకటుంది: వచ్చే నెల ఎలాగూ కొనే సబ్బు, ఉప్పు, బట్టల పొడి మాత్రమే వేసి ఆ మొత్తం నింపాలి, వచ్చే నెల చీటీలోంచి వాటిని అప్పుడే కొట్టేయాలి.

శాతాల లెక్కలూ గుర్తుంచుకోదగ్గవే. "20 శాతం అదనం" అంటే నిజంగా తగ్గింది 16.7 శాతమే. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం, అదీ మూడూ వాడితేనే. ఆషాఢం సేల్‌లో చీరల మీద కనిపించే "50+20 శాతం" 70 కాదు, 60. రూ.1,000 చీర 500 అయ్యాక, ఆ 500 మీద 20 శాతం పోయి రూ.400 అవుతుంది.

జీడిపప్పు విషయంలో శ్రీకాకుళం జిల్లావాళ్లు మార్టు పాకెట్ జోలికి పోనవసరమే లేదు. పలాస పక్కనే ఉంది. ఎక్కడ కొన్నా గ్రేడు తెలిసుండాలి. డబ్ల్యు 240 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 220 నుంచి 240 గుండ్లు (బద్దలు కాని పప్పులు). డబ్ల్యు 320 అంటే 300 నుంచి 320. వంద గ్రాముల పాకెట్ విప్పి లెక్కపెడితే మొదటిది 48 నుంచి 53, రెండోది 66 నుంచి 70 రావాలి. పెద్ద గుండ్ల రేటు తీసుకుని 70 గుండ్లు ఇచ్చారంటే మీరు మోసపోయినట్టే. పాయసానికి, ఉప్మాకి గుండ్లెందుకు? బద్దలు చాలు, రేటు బాగా తగ్గుతుంది, రుచిలో తేడా రాదు.

ఇక కొట్టులో జాగ్రత్తలు. అక్కడ రేటు బోర్డు ఉండదు, అడగనివాళ్లకు ఒక రేటు, అడిగినవాళ్లకు ఒకటి పడే వీలుంది. చిన్న పుస్తకంలో కందిపప్పు, మినప్పప్పు, బెల్లం, చింతపండు, ఎండుమిర్చి లాంటి పదిహేను సరుకుల కేజీ రేట్లు నెలనెలా రాసి పెట్టుకోండి. మూడో నెలకల్లా ఏది నిజంగా తగ్గిందో, ఏది పెంచి తగ్గించారో మీకే తెలిసిపోతుంది. చీటీలో "కందిపప్పు" అని వదిలేయకుండా "కందిపప్పు 2 కేజీలు" అని రాయాలి. కాటా మీద సరుకు పెట్టక ముందు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. తూనికలు కొలతల శాఖ ముద్ర ఈ ఏడాదిదేనా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కొట్టులో అసలు ప్రమాదం పద్దు. అప్పు మీద తెచ్చేవాళ్లు రేటు అడగరు, పిల్లల్ని పంపితే చాక్లెట్టూ పద్దులో పడుతుంది. పద్దు పాలు, గుడ్ల వరకే ఉంచి, నెల సరుకులకు నగదు ఇచ్చి "నగదైతే ఎంత తగ్గిస్తారండీ?" అని అడగడం మంచిది. ఎమ్మార్పీ ఉన్న వస్తువుల మీద కూడా కొంత తగ్గించే కొట్లు విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల దొరుకుతాయి.

కూరగాయలకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. విజయనగరంలో దాసన్నపేట లాంటి రైతుబజారులో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాస్తారు, అది చదివాకే బేరానికి వెళ్లండి.

ఫోన్ ఆర్డరు నెల సరుకులకు మాకు నచ్చదు. హ్యాండ్లింగ్ అని, డెలివరీ అని చివరి పేజీలో కలుస్తాయి. "ఇంకా రెండే ఉన్నాయి" అని తొందరపెట్టడం, అడగకుండానే బుట్టలో ఏదో చేర్చడం వంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో నిషేధించింది. అయినా చెల్లించే ముందు ఒక్కో వరుసా చదవాల్సిందే. ఊళ్లో దొరకని వస్తువైతే బుట్టలో వేసి ఒక రాత్రి వదిలేయండి, పొద్దున్నకీ కావాలనిపిస్తేనే కొనండి. పెద్ద వస్తువులకు వడ్డీ లేని ఈఎంఐ అంటే ముందు నగదు రేటు అడగండి. నగదు ఇస్తే వచ్చే తగ్గింపును వదులుకోవడమే చాలాసార్లు అక్కడ వడ్డీ. పైన ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కూడా కట్టాల్సి రావచ్చు.

మా లెక్కలో బియ్యం, పప్పులు, బెల్లం, పోపు సామాను కొట్టుకు. సబ్బులు, బట్టల పొడి, టీపొడి, నూనె మార్టుకు, నెలకు ఒక్కసారే. నెల్లిమర్ల నుంచో గజపతినగరం నుంచో వచ్చేవాళ్లు రానూపోనూ ఛార్జీ కూడా కలిపి చూసుకోవాలి, మిగిలేది అంతకంటే తక్కువైతే ప్రయాణమే దండగ. మార్టుకు అన్నం తిన్నాకే వెళ్లండి, ట్రాలీ వద్దు, చేతిబుట్ట పట్టుకోండి. బరువెక్కితే చెయ్యే ఆపుతుంది. చీటీ మొత్తానికి వంద కలిపి అంతే నగదు తీసుకెళ్లండి. గుడ్డ సంచి మరవకండి.

బిల్లు డబ్బులు కట్టక ముందే చదవండి. అరమీద రేటుకూ బిల్లు రేటుకూ తేడా రావడం, ఒకే వస్తువు రెండుసార్లు కొట్టడం దసరా, సిరిమాను జాతర, దీపావళి రద్దీలో ఎక్కువ. కూలింగ్ పేరుతోనైనా సరే ఎమ్మార్పీ మించి ఒక్క రూపాయి తీసుకునే హక్కు ఏ మార్టుకూ, ఏ కొట్టుకూ లేదు. తీసుకుంటే బిల్లు, పొట్లం ఫోటో దగ్గర పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పొచ్చు.