ముప్పావలా మిత్తికి ఐఎస్‌బీనా, ఐసెట్ రాసి కేయూనా, కూసున్నకాడ ఇగ్నోనా? ఏది మేలు

మా చిన్నాయిన కొడుకుకు 29 ఏండ్లు, హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ సపోర్టు కొలువు, చేతికి నెలకు 75 వేలొస్తయి, నైట్ షిఫ్టులతోని సావు విసుగొచ్చింది వానికి. ఇప్పుడు గచ్చిబౌలి ఐఎస్‌బీల, అంటే ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌ల, ఏడాది మేనేజ్‌మెంట్ కోర్సుకు సీటొచ్చింది. ఆ రోజు ఇంట్ల పండుగ, తెల్లారి నుంచి లొల్లి. నేను హన్మకొండల ఐటీ రిటర్నులు వేస్త గదా, లెక్క నా మీదికొచ్చింది. వాని ముందట మూడు దార్లున్నయి, ఐఎస్‌బీ, లేకుంటే ఐసెట్ ఎంట్రెన్సు రాసి కాకతీయ యూనివర్సిటీల (కేయూ) ఎంబీఏ, అదీ కాకుంటే కొలువు ఇడ్వకుండ ఇగ్నోల దూరవిద్య ఎంబీఏ.

ఐఎస్‌బీకి ఫీజు, ఉండుడు, తినుడు అన్ని కలిపితే 40 లక్షల దగ్గరికి పోతది. వాని దగ్గర 5 ఉన్నయి, 35 లోను. బ్యాంకోళ్ళ మిత్తి 9 శాతం అనుకుందాం, అంటే మన ఊరి లెక్కల నూటికి ముప్పావలా, రెండ్రూపాల మిత్తికి అలవాటు పడ్డ చిన్నాయినకు ఇది మస్తు అగ్గువ అనిపించింది. అసలు మోసం గాడనే ఉన్నది. చదివే ఏడాది, దాని తర్వాత ఇంకో ఆర్నెల్లు ఈఎంఐ ఉండది గని మిత్తి మాత్రం నడుస్తనే ఉంటది, మొత్తం ఒక్కపారే తీస్కున్నట్టు వేస్తే 4 లక్షల 70 వేలు అసలుల కలుస్తది. అప్పుడు 10 ఏండ్లకు ఈఎంఐ 50 వేల చిల్లర, కట్టేది మొత్తం 60 లక్షలు. 15 ఏండ్లు పెట్టుకుంటే నెలకు 40 వేలకు దిగుతది, మొత్తం మాత్రం 72 లక్షలు దాటుతది.

మరి కేయూ అగ్గువ గదా అంటరు. ఫీజు అగ్గువనే, ఇంటికాడ తిండి, సాయంత్రానికి ఇంట్ల ఉంటడు. గని రెండేండ్లు ఫుల్ టైం, కొలువు ఇడ్సిపెట్టాలె, నెలకు 75 వేల చొప్పున 24 నెలలకు 18 లక్షల జీతం పోయినట్టే, ఇది ఎవ్వలు లెక్కల రాయరు. ఐఎస్‌బీల ఒక్క ఏడాదే కాబట్టి పోయే జీతం 9 లక్షలు. అంటే మనం అనుకున్నట్టు 40 ఎక్కడ, ఒకటి రెండు లక్షలెక్కడ అని కాదు, మిత్తి పక్కకు పెడితే 49 ఎక్కడ, 20 ఎక్కడ అని చూడాలె. ఇగ్నో ఫీజు మొత్తం లక్ష లోపే, జీతం కూడ పోదు, కాకపోతే కంపెనీలు గాడికి వచ్చి కొలువులియ్యయి, నైట్ షిఫ్టు చేసొచ్చి పొద్దుగాల పుస్తకం పట్టుడు ఎంతమందితోని అయితదో మీకే తెల్సు.

ఇగ పేరు సంగతి. కేయూ 1976 నుంచి ఉన్నది, ఐఎస్‌బీ 2001ల మొదలైంది, మా అత్తమ్మ అయితే ఐఎస్‌బీ అంటే ఏదో కొత్త బ్యాంకు అనుకున్నది. వరంగల్ దాటితే లెక్క తిరగబడుతది. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు కొన్ని క్యాంపస్‌లకే పోతయి, ఆ కొలువే కావాల్నంటే పేరు సోకు కాదు, అదే దర్వాజ, కేయూల ఎంత మంచిగ చదివినా ఆ దర్వాజ అక్కడ లేదు. ఉల్టా కూడ ఉన్నది, ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీ కాదు, రేపు హన్మకొండకొచ్చి కాలేజీల లెక్చరర్‌గ చేస్త అంటే కేయూ ఎంబీఏనే పనికొస్తది.

ప్లేస్‌మెంట్ ఆవరేజీ చూసి మురువకుండ్రి, నలుగురికి పెద్ద ప్యాకేజీ వస్తే ఆవరేజీ లేస్తది, మీడియన్, అంటే అందరిని వరుసల పెడితే నడుమ ఉన్నోని జీతం ఎంతో అడగాలె. నేను ఇంకో లెక్క చేసిన. 30 లక్షల ప్యాకేజీ వస్తే ఏం ఫికర్ లేదు, 50 వేలు కట్టినా మస్తు మిగులుతయి. 18 లక్షలదే వచ్చిందనుకోండ్రి, ట్యాక్స్, పీఎఫ్ పోను చేతికి లక్షా 30 వేలు, ఈఎంఐ కడితే 80 వేలు, ఇప్పుడొచ్చే 75 వేలకూ దానికీ తేడా ఏమున్నది? చదువు లోను మిత్తికి ట్యాక్సుల మినహాయింపు ఉంటది గదా అన్నడు వాడు. ఉంటది, 8 ఏండ్ల దాంక, కాకపోతే పాత ట్యాక్స్ రెజీమ్‌లనే, కొత్త దాంట్ల లేదు.

నాకైతే ప్రొడక్టు మేనేజ్‌మెంట్, కన్సల్టింగ్ అని పేరు పెట్టి చెప్పేటోనికి ఐఎస్‌బీ అప్పు తప్పు అనిపియ్యదు. మావోన్ని ఏం కావాల్రా తమ్మి అంటే "ఏదైనా మంచిదే అన్నా, రాత్రి పండుకుంటే సాలు" అన్నడు. గా నిద్ర కోసం 60 లక్షలా? కన్సల్టింగ్‌ల కూడ రాత్రి పన్నెండు దాంక ల్యాప్‌టాప్ ముందటనే ఉంటరు, పైగ ఇప్పుడు కొలువు నచ్చకపోతే రాజీనామా పడేసి రెండు నెలలు ఇంటికాడ కూసుంటడు, రేపు నెలకు 50 వేలు కట్టేటోడు గట్ల కూసోనీకి ఉంటదా? గందుకే ముందుగాల పగటి షిఫ్టున్న కంపెనీకి మారు, ఇగ్నోల చేరు, ఏడాది ఆగి ఏం కావాల్నో చెప్పు అన్న. వాడు అలిగిండు, ఫోనెత్తుతలేడు. కేయూ ముచ్చట మాత్రం ముగ్గురం ఒక్క మాటతోని పక్కన పెట్టినం, రెండేండ్ల జీతం పోగొట్టుకుని చేసేంత లాభం వానికి లేదు.

సీటు పైసలు కట్టనీకి ఇంకా 9 రోజులున్నయి. వాడు ఏం చేసినా చెయ్యనీ, పెద్ద బిజినెస్ స్కూళ్ళకు బ్యాంకులు తాకట్టు లేకుండనే లోనిస్తయి, హసన్‌పర్తి కాడి జాగ మాత్రం అమ్మొద్దు అని చిన్నాయినకు చెప్పొచ్చిన.