తొమ్మిదేళ్లు వెళ్లిన ఆసుపత్రి, రెండు డిశ్చార్జి కాగితాలు

గుంటూరులో మేము తొమ్మిదేళ్లుగా వెళుతున్న ఆసుపత్రి గురించి రాస్తున్నాను. గదులు, క్యాంటీను, పార్కింగు అందరూ చూసినవే కనుక వాటి జోలికి పోను. అమ్మకు గుండెలో మైట్రల్ కవాటం తీసేసి లోహపు కవాటం అమర్చినప్పటి నుంచి రోజూ రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిపే ఐఎన్ఆర్ పరీక్ష నెలకోసారి చేయించుకోవాలి. ఆ అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలి. తగ్గితే కవాటం దగ్గర రక్తం గడ్డకట్టే ప్రమాదం, బాగా పెరిగితే రక్తస్రావం. ఉదయం ఆరున్నరకు రక్తం ఇస్తే పదకొండులోపు ఫలితం ఫోనుకు వచ్చేది. ఎవరు అడిగినా ఈ ఆసుపత్రి పేరే చెప్పేవాణ్ని.

నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చి అమ్మ నాలుగు రోజులు అక్కడే ఉంది. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములని ఉంది. అంతకుముందు వేసుకునేది 3. డాక్టరుగారే పెంచారనుకుని, కింద ఉన్న వాళ్ల మందుల షాపులోనే కొన్నాను. అడగకపోవడం నా తప్పే. పదకొండో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి కారిన రక్తం ఎంతకీ ఆగలేదు. దెబ్బేమీ తగలకుండానే మోచేతుల కింద నల్లగా కమిలిపోయింది. ఐఎన్ఆర్ 8 దాటింది. మళ్లీ అక్కడే చేర్చాము.

మాత్ర ఆపి, దానికి విరుగుడుగా కొద్ది మోతాదులో విటమిన్ కె ఇచ్చి, మూడు రోజుల్లో ఐఎన్ఆర్‌ను దారికి తెచ్చారు. ఆ వైద్యానికి నేను వంక పెట్టను. కానీ కారణం అడిగినప్పుడు, పక్కనే కాగితం పెట్టుకుని కూడా, డ్యూటీ డాక్టరు అమ్మ వైపు తిరిగి, "మీరు మర్చిపోయి రెండుసార్లు వేసుకుని ఉంటారమ్మా, ఈ వయసులో మామూలే" అన్నారు. మర్నాడు మరొకరు వచ్చి ఆకుకూరలు మానేశారా అని అడిగారు; వాటిలో విటమిన్ కె ఉంటుంది, ఉన్నట్టుండి మానేస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది. వారానికి ఎన్ని కట్టల తోటకూర వండాలో లెక్క పెట్టుకుని తినే మనిషిని!

అమ్మ ఆ మాట నమ్మింది. ఇంటికి వచ్చాక మాత్ర వేసుకున్న పది నిమిషాలకే "వేసుకున్నానా?" అని నన్ను పిలిచేది. ఖాళీ అయిన మాత్రల అట్టలు పారేయకుండా, వెనక తేదీలు రాసి, పాత బిస్కెట్ల డబ్బాలో దాచడం మొదలుపెట్టింది. ఆసుపత్రి మీద నమ్మకం నాకు పోయింది సరే, అమ్మకు మాత్రం ముందు తన జ్ఞాపకం మీద పోయింది. నేను వాళ్లను క్షమించలేనిది ఇక్కడే.

జ్వరం తర్వాత కొన్న మాత్రల అట్టలు కూడా ఆ డబ్బాలోనే ఉన్నాయి. వాటిని లెక్కపెడుతున్నప్పుడే, ఒక్క మాత్ర కూడా ఎక్కువ ఖర్చు కాలేదని, తేడా మోతాదులోనే ఉందని నాకు తట్టింది. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నాటి నిబంధనల్లో ఉంది. అది ఉదహరించి అర్జీ పెట్టాను. మూడో రోజు నకళ్లు ఇచ్చారు. అదే తేదీ, అదే నంబరు, కానీ డిశ్చార్జి కాగితంలో వార్ఫరిన్ 3 మిల్లీగ్రాములు! మందుల షాపు ముద్రతో, 5 అని ఉన్న అసలు కాగితం మా ఫైలులోనే ఉందని వాళ్లకు తోచినట్టు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మేనేజరుగారు కాసేపు ఫ్యాను వైపు చూసి, రెండోసారి చేరినప్పటి బిల్లు వెనక్కి ఇచ్చేస్తామన్నారు. అమ్మ అడిగింది ఒక్కటే: "ఎందుకు ఇస్తున్నారో చెప్పండి బాబూ." చెప్పలేదు.

ఒప్పుకుంటే కేసు వేస్తారని భయమట, అక్కడే పనిచేసే తెలిసినాయన తర్వాత చెప్పాడు. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది కనుక ఆ భయం ఉత్తది కాదు. అయితే అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి పొరపాటును తామే చెప్పి, పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాక దావాలు తగ్గాయని 2010లో వెలువడిన అధ్యయనం చూపింది. మా ఇంట్లో మాత్రం కేసు ఆలోచన పుట్టిందే ఆ రెండో కాగితం చూశాక. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది; అమ్మ వద్దంటోంది కనుక ఊరుకున్నాను.

డాక్టర్ని మార్చాము. రక్తపరీక్షకు మాత్రం ఇప్పటికీ అక్కడికే వెళుతున్నాము, ఇంటికి పది నిమిషాల దూరం, పైగా అమ్మ చేతికి నరం సులువుగా దొరకదు, అక్కడి ల్యాబు అమ్మాయికి ఒక్క పోటుతో దొరుకుతుంది. ఆ పదకొండు గంటల సందేశం మీద కూడా వెనకటి ధీమా లేదు, ఏడాదిలో రెండుసార్లు వేరేచోట సరిచూసుకున్నాను, రెండుసార్లూ సరిపోయింది. అత్యవసరమైతే అక్కడికి వెళ్లవద్దని నేను అనలేను. ఇంటికి వచ్చే ముందు పాత చీటీని, కొత్త చీటీని కౌంటరు దగ్గరే పక్కపక్కన పెట్టి చదివే మనిషి మీకు తోడుంటే వెళ్లండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే నేను చెప్పను.