మహారాణిపేట ఇంటి పాత కిటికీలు: ఒక వడ్రంగి షెడ్డు పనితనంపై సమీక్ష

విశాఖపట్నం పాత పట్నంలో, కురుపాం మార్కెట్టు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పేరు పలక లేని ఒక వడ్రంగి షెడ్డు ఉంది. తండ్రీ కొడుకులు, వారి కింద ఇద్దరు ముగ్గురు పనివాళ్లు కలిసి అక్కడ ప్రధానంగా పాత టేకు తలుపులు, కిటికీలు బాగు చేస్తుంటారు. మహారాణిపేటలోని మా మావయ్యగారి ఇంటి కిటికీల మరమ్మతును మేము వారికే అప్పగించాము. కిటికీ పని ఎలా ఉందో రంగు ఆరగానే చెప్పడానికి వీలు కాదు. సముద్రం వైపు నుంచి వాన ఏటవాలుగా కొట్టిన తరువాతే చెప్పగలం. అందుకే ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ గడిచేదాకా ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను. కర్ర పనికి ఈ షెడ్డును ఎవరికైనా నిస్సంకోచంగా సూచిస్తాను, రంగు పనికి మాత్రం సూచించను.

ఆ ఇంట్లో రెండు రకాల కిటికీలున్నాయి. పడక గదులకు ఉన్నవి మన తీరంలోని పాత ఇళ్లలో తరచుగా కనిపించేవే: వాలుగా అమర్చిన పలకల రెక్కలు, లోపల ఇనుప ఊచలు. వీటిని బాగు చేయగల వడ్రంగులు ఊళ్లో ఇంకా ఉన్నారు కాబట్టి వీటి గురించి ఎక్కువ చెప్పను. వీధి వైపు హాలుకు మాత్రం ఆంగ్లేయుల పద్ధతిలో, రెక్కలు నిలువునా జారే శ్యాష్ కిటికీలు ఉన్నాయి. ఒకదాని వెనుక ఒకటిగా రెండు అద్దాల రెక్కలు వేర్వేరు గాళ్లలో పైకీ కిందికీ కదులుతాయి. చట్రానికి రెండు పక్కలా ఉండే నిలువు కమ్మీలు నిజానికి బోలు పెట్టెలు. రెక్కకు కట్టిన తాడు చట్రం పైభాగంలోని గిలక మీదుగా పోయి, ఆ పెట్టెలో వేలాడే పోత ఇనుప గుండుకు ముడిపడి ఉంటుంది. రెండు పక్కలా ఉన్న గుండ్లు కలిసి రెక్క బరువును మోస్తాయి కనుక, బావి గిలకకు అటూ ఇటూ సమానంగా తూగే రెండు చేదల మాదిరిగా, రెక్క ఎంత ఎత్తులో వదిలితే అక్కడే నిలుస్తుంది. పై రెక్క గుండ్లను రెక్క కన్నా కొంచెం బరువుగానూ, కింది రెక్క గుండ్లను కొంచెం తేలికగానూ ఉంచుతారు. మూసినప్పుడు పైది పైకి, కిందిది కిందికి ఒత్తుకుని ఉండడానికే ఈ ఏర్పాటు.

మా కిటికీల్లో వీధి గుమ్మానికి పక్కనున్నది చాలా ఏళ్లుగా తెరుచుకోవడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలితో విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దాని కింది అద్దం పగిలింది. ఆ తరువాత ఎవరో వడ్రంగి కొత్త అద్దం వేశాడు. అప్పటి నుంచి రెక్కను ఎత్తి వదిలితే దభీమని పడుతుండడంతో, ఎవరి వేళ్లైనా నలుగుతాయన్న భయంతో మేకులు కొట్టి బిగించేశారు. ఈ పని కోసం మేము పిలిచిన మరో ఇద్దరు మేస్త్రీలు తాళ్లు పాడయ్యాయని ఒకరు, కిటికీయే పోయిందని ఒకరు తేల్చారు. ఇద్దరిలో ఎవరూ పక్క పెట్టెను విప్పి చూడలేదు.

ఈ షెడ్డు పెద్దాయన చేసిన మొదటి పని రెక్కను ఊడదీసి తూచడం. రెండో పని గుండ్లను తూచడం. చట్రం అడుగున పెట్టె లోపలికి చేయి పెట్టడానికి వీలుగా ఒక చిన్న చెక్క మూత ఉంటుంది. రంగు పొరల కింద అది ఎక్కడ దాగి ఉందో ఆయన ఉలి పిడితో తట్టి, శబ్దాన్ని బట్టి కనిపెట్టారు. లెక్క తేలికగానే తేలింది. చదరపు మీటరు అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. పాత అద్దం 3 మిల్లీమీటర్లది, తుపాను తరువాత వేసినది 5 మిల్లీమీటర్లది. మా రెక్కలోని అద్దం సుమారు 0.6 చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి రెక్క దాదాపు 3 కిలోలు బరువెక్కింది, గుండ్లు మాత్రం పాతవే. "తాడు తప్పేం లేదమ్మా, అద్దం బరువెక్కింది, గుండు ఎక్కలేదు" అన్నారాయన.

పల్చని అద్దం తిరిగి వేయించడం చౌక. కానీ తుపానుల ఊళ్లో మందపాటి అద్దాన్ని తీసి పల్చనిది పెట్టమనడానికి మాకు మనసొప్పలేదు, ఆయన కూడా వద్దనే అన్నారు. ఒక్కో గుండుకు కిలోన్నర చొప్పున కలపాలి, కానీ పెట్టెలో అంత పొడవైన ఇనుప ముక్క పట్టదు. సీసం పోత ఇనుముకు ఒకటిన్నర రెట్లు సాంద్రమైనది. ఫిషింగ్ హార్బరు దగ్గర వలలకు కట్టే సీసపు గుళ్లు తెచ్చి, వాటిని పాత గుండు చుట్టూ కూర్చి, సరిగ్గా తూగేదాకా ఒక్కొక్కటిగా కలుపుతూ తీస్తూ సరిచేశారు. ఇప్పుడు ఆ రెక్కను మా అత్తయ్య ఒంటి చేత్తో ఎత్తుతున్నారు. ఈ ఒక్క పనికే ఈ షెడ్డుకు వెళ్లడం దండగ కాదని నా అభిప్రాయం.

తాళ్ల విషయంలో మొదట నైలాను తాడు చూపించారు. నైలాను బరువుకు సాగుతుంది. సాగితే గుండు పెట్టె అడుగును తాకి, రెక్క పూర్తిగా పైకి వెళ్లకముందే ఆగిపోతుంది. ఆ మాట మేము అనగానే వాదించకుండా, గట్టిగా అల్లిన నూలు తాడు తెచ్చి మైనం పట్టించి వేశారు.

ఇక కర్ర సంగతి. పాత టేకులో చేవ భాగం ఎక్కువ. తొందరగా పెంచి కోసిన లేత టేకులో తెల్లకర్ర ఎక్కువగా ఉంటుంది, అది చెదకూ తేమకూ త్వరగా లొంగుతుంది. కాబట్టి పాత చట్రంలో ఒక మూల మెత్తబడిందని మొత్తం తీసి కొత్త కర్ర పెట్టించేవారు చాలాసార్లు మంచి కర్రను ఇచ్చి నాసి కర్రను కొనుక్కుంటున్నారు. ఈ షెడ్డువాళ్లు ఆ పని చేయరు. ఊచలాంటి సన్నని సూదితో చట్రమంతా గుచ్చి చూసి, సూది దిగిన చోట సుద్దతో గీత గీస్తారు. గీత లోపలి భాగం మాత్రమే కోస్తారు. మా కిటికీల్లో పాడైనవి దాదాపు అన్నీ అడుగు భాగాలే: కింది అడ్డకర్ర, దానిమీద ఆనే నిలువు కమ్మీల చివరలు. అతుకు పెట్టిన చోట కోత ఏటవాలుగా, వాన నీరు అతుకులోకి కాక బయటికి జారేటట్టు కోశారు. అతుకు ముక్కలు కూల్చిన ఇళ్ల నుంచి కొన్న పాత టేకువే కావడంతో రంగు, ఈనె కలిసిపోయాయి. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అందుకని అతికించే ముందు రెండు ముఖాలనూ థిన్నరుతో తుడిచారు. దాని మీద చెక్క మేకులు కూడా దిగగొట్టారు.

కింది అడ్డకర్ర అడుగున, బయటి అంచుకు దగ్గరగా, పొడవునా ఒక సన్నని గాడి ఉంటుంది. వాన నీరు కర్ర అడుగు వెంట గోడలోకి పాకకుండా అక్కడే తెగి కింద పడడానికి అది తోడ్పడుతుంది. మా ఇంట్లో అనేక పూతల రంగు ఆ గాడిని పూర్తిగా పూడ్చేసింది. కిటికీ కింద గోడ చెమ్మగిల్లడానికి కారణం అదే. ఎవరూ అడగకపోయినా పెద్దాయన కొడుకు ఆ గాడిని ఉలితో తిరిగి తెరిచాడు. ఆ చెమ్మ కోసం గోడకు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని మావయ్య అప్పటికే ఒకరితో బేరం మాట్లాడుకుని ఉన్నారు. వానాకాలం అంతా చూసినా గోడ పొడిగానే ఉంది.

అద్దాలను బీడింగులతో మేకులు కొట్టి బిగించడం ఇప్పుడు సర్వసాధారణం. ఇక్కడ మాత్రం సుద్దపొడి, అవిసె నూనె కలిపి నూరిన లప్పంతోనే అద్దం పట్టించారు. ఈ లప్పం మెల్లగా గట్టిపడుతుంది, పైన పొర కట్టేదాకా వారం పది రోజులు రంగు వేయకూడదు. ఆరిన తరువాత వేసే రంగు లప్పం దాటి అద్దం మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పాకాలి, అప్పుడే ఆ సందులోకి నీరు దిగదు. మొదటిది వారికి బాగా తెలుసు. రెండోది వారి రంగు పనివాడికి తెలియదు.

ఇనుప సామాను గురించి ఒక మాట. సముద్రానికి ఇంత దగ్గరలో మామూలు ఇనుప మేకు తుప్పు పట్టి ఉబ్బి కర్రను చీలుస్తుంది. మా చట్రాల్లో చీలికలన్నీ పాత మేకుల దగ్గరే మొదలయ్యాయి. వాటిని లాగేసి ఇత్తడి మరలు వేశారు. ఇత్తడి మెత్తన కాబట్టి ముందు ఉక్కు మరతో దారి చేసి, దానిని తీసి, తరువాత ఇత్తడిది బిగించారు. స్టెయిన్‌లెస్ స్టీలు కావాలనేవారు 304 రకం కాకుండా 316 రకం అడగాలి. ఉప్పుగాలికి మొదటిది గోధుమరంగు మరకలు పట్టేస్తుంది.

లోపాల్లో పెద్దది పాత రంగును తీసిన పద్ధతి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగు పొరల్లో, ముఖ్యంగా ఏళ్ల నాటి ఎనామిల్ పొరల్లో, సీసం ఉండే అవకాశం ఉందనుకునే జాగ్రత్త పడాలి. ఈ షెడ్డులో పనివాళ్లు మాస్కు లేకుండా, పొడిగానే, మిషనుతో గీకడం మొదలుపెట్టారు. దుమ్ము హాలంతా పరుచుకుంది. మా అత్తయ్య మనవడు ఇంకా పాకే వయసులో ఉన్నాడు, నేలమీది దుమ్ము చేతికి, చేతి నుంచి నోటికి చేరేది అలాంటి పిల్లలకే. మేము ఆపమన్న తరువాత రెక్కలను షెడ్డుకు తీసుకువెళ్లారు, ఇంట్లో మిగిలిన చట్రాలను తడిపి గీకారు, చెత్తను సంచుల్లో కట్టారు. చెబితే వింటారు, చెప్పకపోతే తమంతట తాము చేయరు. ఆ పనివాళ్ల ఊపిరితిత్తుల గురించి యజమానులే ఆలోచించవలసింది.

రంగు పని మరీ నిరాశపరిచింది. అది వారి పని కాదు, బయటి మనిషికి అప్పగిస్తారు. అతను జారే గాళ్లకు కూడా రంగు పూసేశాడు. రెక్క రాసుకుంటూ కదిలే చోట రంగు ఉండకూడదు, మైనమో కొవ్వొత్తి రుద్దడమో చాలు. ఫలితంగా పై రెక్క రెండో రోజుకే చట్రానికి అంటుకుపోయింది. పై రెక్క కదలనవసరం లేదని అతని వాదన. నిజానికి ఈ కిటికీకి అసలు సుగుణం అక్కడే ఉంది: పై రెక్కను కాస్త దించి, కింది రెక్కను కాస్త ఎత్తితే, కప్పు దగ్గర చేరిన వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లనిది కిందనుంచి వస్తుంది. మే నెల విశాఖ ఉక్కపోతలో దీని విలువ తెలుస్తుంది. చివరకు పెద్దాయనే వచ్చి, సన్నని కత్తితో రంగు తెంపి, గాళ్లను గీకి సరిచేశారు. దానికి అదనంగా డబ్బు తీసుకోలేదు.

ఖర్చు విషయానికి వస్తే, శ్యాష్ కిటికీ ఒక్కొక్కటి కూలి, సామాను కలిపి సుమారు 14,000 రూపాయలైంది. పలకల రెక్కల కిటికీలకు అందులో సగం కన్నా తక్కువే పడింది. అదే కొలతకు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ కొటేషను ఇంతకన్నా ఎక్కువగా లేదు, ఒకరిద్దరు తక్కువకు కూడా ఇచ్చారు. కాబట్టి మరమ్మతు చౌక అని ఎవరికీ చెప్పలేను. అయితే యూపీవీసీ చట్రంలో ఒక మూల పాడైతే ఆ మూల ఒక్కటీ కోసి అతికించే వీలు లేదు. మా చట్రాలు మళ్లీ పాడైతే మళ్లీ అతికించవచ్చు.

గడువు మాటను నమ్మవద్దు. సంక్రాంతికి ముందు ఇస్తామన్నది తరువాతకు పోయింది, ముక్కనుమ దాటినా ఊళ్లకు వెళ్లిన పనివాళ్లు అందరూ తిరిగి రాలేదు. రెక్కలు షెడ్డులో ఉన్నంత కాలం కిటికీలకు ప్లైవుడ్ ముక్కలే దిక్కు. ఆ ప్లైవుడ్ ఎవరు తేవాలో ముందే తేల్చుకోవడం మంచిది, మాకు ఆ సంభాషణ కొంత చేదుగా నడిచింది. బిల్లు తెల్లకాగితం మీద రాసి ఇస్తారు. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఏ భాగం అతుకు, ఏ భాగం కొత్తది, అద్దం మందం ఎంత, మరలు ఇత్తడివా కావా, రంగు ఎవరిది అన్నవి అదే కాగితం మీద రాయించుకోవాలి. రంగుకు వేరే మనిషిని పెట్టుకుంటామంటే వారు నొచ్చుకోరు, ఆ మేరకు డబ్బు తగ్గిస్తారు కూడా. వానల్లో ఉబ్బిన రెక్కను చిత్రిక పడితే ఎండాకాలంలో సందు తేలుతుందని జూన్ తరువాత జారే కిటికీల పని వారు ఒప్పుకోరు. ఫిబ్రవరిలో వెళ్లి అడిగితే వేసవి ముదిరేలోపు చేసి ఇచ్చే అవకాశం ఉంది.