మ్యాక్సెంట్‌తో సింహపుతోక కోతి ఆవాస పటం: ఒక వినియోగదారుడి సమీక్ష

సింహపుతోక కోతి పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా బతకదు. కేరళ, కర్ణాటక, తమిళనాడుల సతతహరిత అరణ్యాల్లో, ఎక్కువగా కొమ్మల మీదనే కాలం గడిపే ఈ జంతువు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది కాబట్టి, అది ఇప్పుడు ఎక్కడ ఉందో తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు, ఇంకా ఎక్కడెక్కడ ఉండగలదో కూడా తెలియాలి. ఆ రెండో ప్రశ్నకు పటం రూపంలో జవాబిచ్చే సాధనాల్లో మ్యాక్సెంట్‌కు పెద్ద పేరుంది. స్టీవెన్ ఫిలిప్స్, రాబర్ట్ ఆండర్సన్, రాబర్ట్ షాపైర్ 2006లో ప్రచురించిన పరిశోధనా పత్రంతో ప్రసిద్ధికెక్కిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. జావా ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది.

దీని అసలు బలం ఏమిటంటే, జంతువు కనిపించిన చోట్లు మాత్రమే ఇస్తే చాలు. ఎత్తైన చెట్ల చివర్లలో తిరిగే కోతి ఒక రోజు కంటబడనంత మాత్రాన ఆ అడవిలో లేదని రాసుకోలేం గనుక, ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు. మనం ఇచ్చిన చోట్లలోని వాన, వేడి, ఎత్తు, చెట్ల సాంద్రతలను అది తనంతట తాను ఎంచుకున్న 10,000 నేపథ్య బిందువులతో, అంటే ఆ ప్రాంతమంతటా యాదృచ్ఛికంగా తీసుకున్న చోట్లతో పోల్చి, పటంలోని ప్రతి గడికీ 0 నుంచి 1 లోపు ఒక అంకె వేస్తుంది. ఒక గడికి 0.7 వస్తే, దాన్ని చూసి కోతి ఉండే అవకాశం 70 శాతమని చెప్పేవారున్నారు గానీ, దాన్ని సాపేక్ష అనుకూలతగా చదువుకోవడమే క్షేమం.

వాడకంలో మాత్రం ఇది ముక్కుసూటి మనిషి లాంటిది. వాన, ఎత్తు లాంటి ఒక్కో వివరాన్ని చూపే పటాల పొరలన్నిటికీ హద్దులు, గడి పరిమాణం అచ్చంగా ఒక్కటే కావాలి. ఒక్క వరుస ఎక్కువైనా పని మొదలుపెట్టదు. చోట్ల పట్టికలో జాతి పేరు, తర్వాత రేఖాంశం, ఆ తర్వాత అక్షాంశం రావాలి. మొదటిసారి నేను ఈ రెండింటినీ తారుమారు చేశాను. సైలెంట్ వ్యాలీ దగ్గరి కోతులన్నీ 76 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి, అంటే ఆర్కిటిక్ సముద్రంలోకి వెళ్లిపోయాయి. తప్పు నాదే.

పటం తెరమీదికి వచ్చినప్పుడు అనుకూలమని ఎర్రగా మెరిసే గడులను చూసి మురిసిపోకుండా, కోతి నమోదైన చోట్లను చూపే తెల్ల చుక్కలు ఎక్కడ గుమిగూడాయో ముందు చూడాలి. నా పటంలో అవి రోడ్ల వెంబడి, అటవీ శాఖ బంగళాల చుట్టూ చేరాయి. మనుషులు వెళ్లగలిగిన చోటే కోతులు నమోదవుతాయి. ఆ పక్షపాతాన్ని కోతి ఇష్టమని మ్యాక్సెంట్ భ్రమపడుతుంది. దీనికి విరుగుడుగా, ఎక్కడ ఎక్కువగా వెతికారో చెప్పే బయాస్ ఫైల్ ఇచ్చే సదుపాయం ఉంది గానీ, అది అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎవరి కంటా పడకుండా కూర్చుంది. అదే ప్రాంతంలో ఇతర కోతులు, కొండముచ్చులు నమోదైన చోట్లతో ఆ ఫైల్ తయారుచేసుకున్నాక నా పటంలో రోడ్డు పక్క ఎరుపు చాలావరకు తగ్గింది.

పొరల సంగతి ఇంకా చిక్కైనది. వరల్డ్‌క్లిమ్ అనే ప్రపంచ వాతావరణ సమాచార నిధి ఇచ్చే 19 వాతావరణ పొరలను ఒక్క గంపలో పోసి నడిపేవారు ఎక్కువ. వాటిలో చాలావి ఒకదానికొకటి నీడలే. పైగా వాతావరణం అడవికి వీలు కల్పిస్తుందే తప్ప, అక్కడ అడవి మిగిలి ఉందని హామీ ఇవ్వదు. పోనీ ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన 30 మీటర్ల చెట్ల సాంద్రత పొరను జోడిద్దామంటే, అందులో 5 మీటర్లు దాటిన వృక్షజాలమంతా చెట్టే: రబ్బరు తోట, యూకలిప్టస్ తోట, కాఫీకి నీడనిచ్చే చెట్లు, ఆదిమ అరణ్యం అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. ఈ కోతికి ముఖ్యమైన ఆహారాన్నిచ్చే, మలయాళంలో వెడిప్లావు అనే చెట్టు ఏ గడిలో ఉందో చెప్పే పొర నా చేతిలో లేదు. అలాగని తోటలన్నిటినీ కొట్టిపారేయలేం. తమిళనాడులోని వాల్పారై దగ్గర తోటల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో ఇవి నేటికీ జీవిస్తున్నాయి, రోడ్లు దాటడానికి చెట్ల మధ్య వంతెనలు కూడా కట్టారు. ఒక ముక్క నుంచి మరో ముక్కకు దారి ఉందా అన్న ప్రశ్నకు మాత్రం మ్యాక్సెంట్ దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది ప్రతి గడినీ విడివిడిగానే తూస్తుంది.

కోతి ఉన్న చోట్లను నేపథ్యం నుంచి పటం ఎంత బాగా వేరుచేసిందో చెప్పే ఏయూసీ అంకె విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నేపథ్యంగా దేశమంతటినీ ఇస్తే ఆ అంకె అమాంతం పెరుగుతుంది. ఎడారిలో సింహపుతోక కోతి ఉండదని చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ఎందుకు? నేపథ్యాన్ని కనుమలకే పరిమితం చేస్తే అంకె తగ్గినా, పటం పనికొస్తుంది. దీనితో పోలిస్తే జాక్‌నైఫ్ పట్టీల బొమ్మ నాకు ఎక్కువ ఉపయోగపడింది: ఒక్కో పొర ఒంటరిగా ఎంత పనిచేస్తుందో, దాన్ని తీసేస్తే ఎంత నష్టమో ఒక్క చూపులో తెలుస్తుంది.

మొత్తం మీద అయిదుకు నాలుగు మార్కులిస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు, ముందే నింపి ఉంచిన సెట్టింగులతో మీట నొక్కగానే నమ్మదగినట్టు కనిపించే పటం చేతికిచ్చినందుకు. తదుపరి సర్వే ఏ లోయలో మొదలుపెట్టాలో తేల్చుకోవడానికైతే ఈ పటాన్ని నిశ్చింతగా వాడతాను. ఏ అడవి ముక్కను వదులుకోవచ్చో చెప్పమంటే మాత్రం దీన్ని బల్ల మీద పెట్టను.