భార్యాభర్తల సాక్ష్యం: మాటకు తాళం వేయడమా, మనిషికి ఇష్టం వదిలేయడమా... ఏది మేలు?

"మొగుడి మీద పెళ్లాం సాక్ష్యం చెప్పనక్కర్లేదు కదా" అని చాలామంది ధీమాగా అనేస్తారు. మన దేశంలో అది నిజం కాదు. సమన్లు వస్తే భార్య అయినా, భర్త అయినా బోనెక్కాల్సిందే. మన చట్టం కాపాడేది మనిషిని కాదు, పెళ్లయ్యాక వాళ్లిద్దరూ చెప్పుకున్న మాటని. 1872 సాక్ష్య చట్టంలో అది 122వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 128వ సెక్షన్. నంబరే మారింది, విషయం అదే.

తేడా ఎక్కడుందో 1954లో సుప్రీంకోర్టు తేల్చిన, రామ్ భరోసే ముద్దాయిగా ఉన్న హత్య కేసులో బాగా కనిపిస్తుంది. ఇంకా తెల్లవారకముందే భర్త ఇంటి పైకప్పు మీది నుంచి దిగాడు, గడ్డి గదిలోకి వెళ్లొచ్చాడు, స్నానం చేశాడు, ఇదంతా భార్య కళ్లారా చూసింది కాబట్టి ఆ సాక్ష్యం చెల్లింది. నగలు ఎలా తెచ్చాడో అతను ఆమెతో అన్న మాట మాత్రం చెల్లలేదు. చూసింది చెప్పొచ్చు, విన్నది చెప్పకూడదు.

అమెరికాలో రాష్ట్రానికో తీరు ఉంది కాబట్టి ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టుల సంగతే చెప్తాను. అక్కడ మాటకు రక్షణ ఉంది, దాంతో పాటు క్రిమినల్ కేసులో ముద్దాయి భార్య (లేదా భర్త) అసలు బోనే ఎక్కనని చెప్పే హక్కు కూడా ఉంది. 1980కి ముందు ఆ హక్కు ముద్దాయి చేతిలో కూడా ఉండేది, అంటే భార్య చెప్తానన్నా భర్త ఆపగలిగేవాడు. హెరాయిన్ రవాణాకి సంబంధించిన ట్రామెల్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని మార్చి, చెప్పాలా వద్దా అన్నది సాక్షే తేల్చుకోవాలంది. భర్త మీద సాక్ష్యం చెప్పడానికి ఆమే సిద్ధపడిందంటే, ఆ కాపురంలో కాపాడటానికి మిగిలింది పెద్దగా లేనట్టే అన్నది కోర్టు లెక్క.

నాకు ఆ లెక్క సరైనదనిపిస్తుంది. మన 128లో నన్ను బాధపెట్టేది అదే, విన్న మనిషి చెప్పాలనుకున్నా, ఆ మాట అన్న మనిషి ఒప్పుకుంటే తప్ప కోర్టు చెప్పనివ్వదు, విడాకులైపోయినా పెళ్లినాటి మాటకు ఆ తాళం అలాగే ఉంటుంది. నేరం చేసినవాడి చేతికే తాళంచెవి ఇచ్చినట్టు కాదా ఇది?

అలాగని అమెరికా పద్ధతి మొత్తం మంచిదని అనను. పెళ్లి ఉన్నంతవరకు సాక్షి తప్పుకోవచ్చు అంటే సాక్షిని పెళ్లి చేసుకుని నోరు మూయించే దారి తెరుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో 2002లో ఇలాంటిదే జరిగింది. హత్య కేసులో రిమాండ్‌లో ఉన్న ముద్దాయి ప్రాసిక్యూషన్ సాక్షినే పెళ్లి చేసుకుంటానంటే, పెళ్లయితే ఆమెను బలవంతంగా బోనెక్కించలేరని తెలిసి కూడా కోర్టు అడ్డు చెప్పలేదు. మన దగ్గర ఆ ఎత్తు పారదు, పెళ్లికి ముందు అన్న మాటకు రక్షణే లేదు కాబట్టి. ఈ ఒక్క విషయంలో మనదే మేలు.

ఇష్టం సాక్షికి వదిలేస్తే ఇంట్లో బెదిరింపులు మొదలవుతాయన్న టెన్షన్ కూడా నిజమే. అందుకే ఇంగ్లండ్‌లో 1984 చట్టం, భార్య మీదో భర్త మీదో, 16 ఏళ్లలోపు పిల్లల మీదో దాడి జరిగిన కేసుల్లో సాక్షికి తప్పుకునే వీలు లేకుండా చేసింది. బెదిరించినా లాభం లేదని ఇంట్లో కొట్టేవాడికి తెలియాలి కదా.

మన 128లో మినహాయింపులు రెండే: భార్యాభర్తల మధ్య దావాలు, ఒకరి మీద ఒకరు చేసిన నేరాల కేసులు. విడాకుల కేసులో రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణ కూడా సాక్ష్యంగా పనికొస్తుందని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది ఈ మొదటి మినహాయింపు కిందే. పిల్లల మాట మాత్రం ఆ రెండింటిలో ఎక్కడా లేదు. బిడ్డకు తాను చేసిన హాని గురించి భర్త భార్య దగ్గర ఒప్పుకున్నాడనుకోండి, ఆ తల్లి కోర్టులో ఆ మాట చెప్పాలంటే అతని అనుమతి కావాలి. ఇష్టం సాక్షికి ఇచ్చే మార్పు ఆలస్యమైనా సరే, ముందు పిల్లల మీద జరిగే నేరాలను ఆ సెక్షన్‌లో మూడో మినహాయింపుగా చేర్చాలి.