లోక్ అదాలత్‌లో నా చెక్కు కేసు

ఎవరిది తప్పో తేల్చి చెప్పే తీర్పు కావాలనుకునేవారు లోక్ అదాలత్‌కు వెళ్లవద్దు. అక్కడ తీర్పు ఉండదు, రాజీ ఉంటుంది. బాకీ వసూలైతే చాలుననుకునేవారికి మాత్రం ఇది మంచి దారే.

నాది రంగుల దుకాణం. ఒక కాంట్రాక్టరు సరుకు తీసుకుని రూ.1,80,000కు చెక్కు ఇచ్చాడు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగి వచ్చింది. నోటీసు పంపాం, చెల్లని చెక్కులకు వర్తించే 138వ సెక్షన్ కింద కేసు వేశాం. తర్వాత అన్నీ వాయిదాలే. చివరికి మా వకీలుగారే "జాతీయ లోక్ అదాలత్‌లో పెట్టిద్దామమ్మా" అన్నారు.

ఆ శనివారం కోర్టు ఆవరణ తిరునాళ్లలా ఉంది. బ్యాంకు బాకీలు, మోటారు ప్రమాద పరిహారాలు, ఆలుమగల తగవులు అన్నీ ఒకేచోట. కుర్చీలు చాలలేదు. మమ్మల్ని పిలిచేసరికి భోజనాల వేళ దాటింది.

బిల్లులు, సరుకు అందినట్టు అతను సంతకం చేసిన పుస్తకం పట్టుకెళ్లాను. ఎవరూ తెరిచి చూడలేదు. బెంచిలోని న్యాయాధికారి "ఎంతకు ఒప్పుకుంటారమ్మా?" అని అడిగారు. అతను లక్ష అన్నాడు. నేను తల అడ్డంగా ఊపితే, పక్కనున్న సభ్యుడు "కోర్టులో తేలాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలుసుగా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆలస్యం కోర్టుది, తగ్గించుకోవలసింది నేనా? ఈ సేవలో నాకు నచ్చనిది ఇదొక్కటే, కానీ చిన్నది కాదు. అయితే మన అంగీకారం లేకుండా వాళ్లు ఏదీ నిర్ణయించలేరు. కుదరకపోతే కేసు ఉన్నదున్నట్టు మళ్లీ కోర్టుకే వెళుతుంది. అది వకీలుగారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి బెదరలేదు. బేరం రూ.1,60,000 దగ్గర తెగింది, నాలుగు సమాన వాయిదాల్లో.

ఇక అసలు సంగతి కాగితం. రాజీ షరతులు రాసి ఇచ్చేదాన్ని అవార్డు అంటారు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం దానికి సివిల్ కోర్టు డిక్రీకి, అంటే తీర్పును అమలు చేయించే ఉత్తర్వుకు, ఉన్న బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. చెక్కు కేసులో వచ్చిన అవార్డునూ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. అప్పీలు లేదంటే, రాయించుకోనిది తర్వాత అడగలేమని కూడా అర్థం. మాకు తయారుచేసిన కాగితంలో "నాలుగు వాయిదాల్లో" అని మాత్రమే ఉంది, తేదీలు లేవు. నేను సంతకం ఆపాను. ప్రతి వాయిదాకూ తేదీ వేయించాను. ఒక్కటి తప్పినా చెక్కు మొత్తం ఒకేసారి కట్టాలని మరో వాక్యం చేర్పించాను. గుమాస్తా విసుక్కున్నాడు, విసుక్కోనీ.

ఇంకా కోర్టుకెక్కని తగవును కూడా ఇక్కడ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. సివిల్ దావా రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయాలి.

ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. మూడు వాయిదాలు తేదీ దాటకుండా వచ్చాయి. నాలుగోది వచ్చే నెల 10న రావాలి.