పాతబస్తీలో మా షట్టర్‌కు కొత్త స్ప్రింగులు

కర్నూలులో పాత షట్టర్ బాగుచేసే మనిషి కోసం నేను చాలా తిరిగాను. నాలా వెతుకుతున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా ఇల్లు పాతబస్తీలో, తుంగభద్రకు దగ్గర. ముందు గది ఒకప్పుడు నాన్న బియ్యం కొట్టు, ఇప్పుడు కారు, నా స్కూటీ పెట్టుకునే షెడ్డు. తొమ్మిదడుగుల వెడల్పు ఇనుప షట్టర్. పొద్దున బడికి వెళ్ళేటప్పుడు, సాయంత్రం వచ్చాక దాన్ని ఎత్తి దించేది నేనే.

రెండేళ్ళ నుంచి అది బరువెక్కుతూ వచ్చింది. సగం దాకా ఎత్తి వదిలితే దడేలుమని కిందికి జారేది. పోయిన ఏడాది ఒకతన్ని పిలిస్తే, రెండు పక్కల చానళ్ళకు గ్రీజు పూసి, పైన పైపు గట్టిగా బిగించి, నాలుగు వందలు తీసుకుని వెళ్ళాడు. వారం రోజులు హాయిగా ఉంది. ఆ తర్వాత తాళం తీయగానే దానంతటదే జానెడు పైకి లేచేది. మూయాలంటే కాలితో తొక్కిపట్టి గడియ వేయాల్సి వచ్చేది. మే నెలలో ఒక రాత్రి టపాసు పేలినట్టు పెద్ద చప్పుడు. పొద్దున ఇద్దరం పట్టి లాగినా షట్టర్ మోకాలి ఎత్తు దాటలేదు.

బళ్ళారి చౌరస్తా వైపు చిన్న వెల్డింగ్ షాపు నడిపే ఒక భాయ్ గురించి మా వీధి కిరాణా కొట్టాయన చెప్పాడు. వస్తానన్న రోజు రాలేదు, రెండు రోజులు ఆలస్యం. నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ వచ్చాక అతను అడిగిన మొదటి ప్రశ్న నాకు బాగా నచ్చింది.

"రోజూ ఎత్తేది ఎవరమ్మా?"

"నేనే భాయ్."

"అయితే ఇక్కడే ఉండండి. చివర్లో మీ చెయ్యి కావాలి."

పై రేకు విప్పి చూపించాడు. అడ్డంగా ఒక పైపు, దాని మీద మూడు గుండ్రటి డబ్బాలు, ఒక్కో దాంట్లో గడియారం స్ప్రింగులా చుట్టిన ఉక్కు పట్టీ. షట్టర్ దించుతుంటే ఆ పట్టీలు బిగుసుకుంటాయి, ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువు మోస్తుంది. స్ప్రింగు నీరసపడితే చానళ్ళకు ఎంత గ్రీజు పూసినా లాభం లేదు. పైగా మన ఊరి దుమ్ము ఆ గ్రీజుకు అంటుకుని ముద్దకడుతుంది. చానళ్ళను పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలన్నాడు.

షట్టర్‌ను పూర్తిగా పైకి చుట్టి తాడుతో కట్టాక అసలు పని మొదలైంది. పైపును పట్టి ఉంచిన క్లాంపు వదులు చేసేముందు రెంచీ తగిలించి, దాని పిడికి పొడుగాటి గొట్టం తొడిగాడు. తన వెంట వచ్చిన కుర్రాడిని రెంచీ తిరిగే దారిలో నిలబడనివ్వలేదు. పావు చుట్టు పావు చుట్టుగా బిగువు వదిలాడు. రెంచీ జారితే చెయ్యి విరుగుతుందట. ఈ పని ఇంట్లో ఎవరూ సొంతంగా చేయకండి.

మధ్య డబ్బా విప్పగానే పిడికెడు ఎండిన ఒండ్రుమట్టి నేల మీద రాలింది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర పొంగినప్పుడు మా కొట్టు పైకప్పు దాకా మునిగింది. ఆ మట్టి ఇన్నేళ్ళూ స్ప్రింగు మడతల్లోనే ఉండిపోయింది. తుప్పు తిని పల్చబడిన చోటే సరిగ్గా విరిగింది. అంత పాడైన స్ప్రింగును చూడకుండా ఇంకా బిగించి వెళ్ళిన మొదటి మనిషి మీద నాకు అప్పుడు నిజంగా బాధ కలిగింది.

విరిగింది ఒక్కటే కదా, అదొక్కటే మార్చమన్నాను. వద్దన్నాడు. ఒకటి కొత్తది, రెండు పాతవి అయితే లాగుడు సమానంగా ఉండదు, షట్టర్ ఓరగా ఎక్కి చానల్లో ఇరుక్కుంటుంది. మూడూ మార్పించాను. స్ప్రింగు ఒక్కోటి 850, కూలి 1,200, మొత్తం 3,750 రూపాయలు.

తర్వాత అరగంట సేపు నాతోనే ఎత్తించాడు. బరువుందంటే అర చుట్టు బిగించాడు. తేలిగ్గా ఉన్నా షట్టర్ కింది అంచు కాస్త లేస్తోందని పావు చుట్టు వదిలాడు. మోకాలి దగ్గర, నడుము దగ్గర, భుజం దగ్గర ఆపి చెయ్యి తీసేయమన్నాడు. మూడు చోట్లా షట్టర్ ఆగినచోటే నిలబడింది. ఇంత ఓపిగ్గా చేసే పనివాళ్ళను నేను ఈ మధ్య చూడలేదు.

లోపాలూ చెప్పాలి. బిల్లు ఇవ్వలేదు, ఆరు నెలల గ్యారంటీ నోటిమాటే. కొత్తగా సున్నం వేసిన గోడ మీద నూనె చేతి ముద్రలు అలాగే వదిలేశారు. పై రేకుకు ఒక స్క్రూ తక్కువైంది, రేపు తెచ్చి పెడతానన్నాడు, నాలుగు నెలలైనా రాలేదు. గాలి వీచినప్పుడల్లా ఆ మూల టకటకలాడుతోంది.

అయినా మా పక్కింటి కొట్టువాళ్ళ షట్టర్‌కు నేను అతన్నే పిలిపించాను. మీరు ఎవరితో చేయించుకున్నా, కూలి ఇచ్చే ముందు షట్టర్‌ను నడుము ఎత్తులో ఆపి చెయ్యి వదిలి చూడండి. రోజూ దాన్ని ఎత్తే మనిషి చేతే ఎత్తించండి.